పాత రేవు, కొత్త నగరము

పురాతన కట్టడములను కాపాడవలయునా, లేక వాని స్థానమున కొత్త భవనములను నిర్మింపవలయునా అను ప్రశ్న నేడు ప్రపంచమందలి పెక్కు నగరములలో వినవచ్చుచున్నది. మన మారిషస్ ద్వీపమునకు రాజధానియైన పోర్ట్ లూయీ నగరమునందును ఈ ప్రశ్న చిరకాలముగా నున్నది. ఇది పండితులకును ఇంజనీర్లకును మాత్రమే సంబంధించిన విషయమని మనము తలంపరాదు. మన పూర్వులు ఓడ దిగి అడుగుపెట్టిన మెట్లు ఆ నగరమునందే కలవు. ఆ మెట్లకు కూతవేటు దూరమున మన పిల్లలు బస్సు ఎక్కుచున్నారు. దుకాణములలోను కచేరీలలోను పనిచేయుచున్నారు. పాతది నిలువవలెనని కోరు తాతయు, కొత్తది రావలెనని కోరు మనుమడును ఒక్క యింటనే యుండుట మనమెరిగినదే. ఇరువురి మాటయందును న్యాయము కలదు. గావున తీర్పు చెప్పుటకు ముందు ఆ నగరము యొక్క చరిత్రను కొంచెము వివరముగా పరిశీలించుట మంచిది.

నగరము పెరిగిన తీరు

ఫ్రెంచి గవర్నరగు మాహే ద లాబుర్డొనే 1735లో ఈ ద్వీపమునకు వచ్చి, పోర్ట్ లూయీని ఓడరేవుగను రాజధానిగను తీర్చిదిద్దెను. ధాన్యపు కొట్లు, నీటి కాలువ, ఓడలను బాగుచేయు తావులు ఆయన కాలమున వెలసినవి. రేవు ప్రక్కనే 1740లో సైనిక వైద్యశాల కట్టబడెను. రాళ్లు చెక్కి, సున్నము కాల్చి, బరువులు మోసినవారిలో అధికులు ఆఫ్రికా నుండియు మడగాస్కరు నుండియు బలవంతముగా తేబడిన బానిసలు. పుదుచ్చేరి ప్రాంతము నుండి వచ్చిన పనివాండ్రును వారితో కలసి పాటుపడిరి. నగరము యొక్క పునాదులలో పేరు తెలియని యెందరి చెమటయో కలదని దీనివలన తెలియుచున్నది.

1810లో ద్వీపము ఆంగ్లేయుల వశమయ్యెను. చక్కెర వ్యాపారము పెరిగిన కొలది రేవునందు రాతి గోదాములును వర్తకుల యిండ్లును పెరిగినవి. 1822లో నాటకశాల తెరువబడెను. 1864లో రైలు వచ్చెను. అయితే 1866 మొదలుకొని మలేరియా జ్వరము వ్యాపించి వేలకొలది జనులను బలిగొనెను. కలవారు నగరమును వీడి క్యూర్‌పిప్ మొదలగు ఎత్తు ప్రదేశములకు తరలిపోయిరి. పగలు జనసమ్మర్దముతో నిండి, రాత్రివేళ నిర్మానుష్యమగు నేటి నగర స్థితికి అప్పుడే బీజము పడినది. 1892 ఏప్రిల్ 29వ తేదీన వచ్చిన పెనుతుపాను నగరములో పెద్ద భాగమును కూల్చివేసెను. ద్వీపమున వేయిమందికి పైగా మరణించిరి.

ఈ వృత్తాంతము వలన ఒక సత్యము బోధపడుచున్నది. పోర్ట్ లూయీ యెన్నడును మార్పులేక నిలిచిన నగరము కాదు. గాలికి కూలి, రోగముచే పాడుబడి, మరల కట్టబడిన నగరమది. కావున కొత్త నిర్మాణమే దోషమని వాదించుట చరిత్రకు విరుద్ధము. అట్లే, ఇన్ని విపత్తులను దాటి నిలిచినవి కొలదిగానే యున్నవి గనుక, ఆ మిగిలినదానిని చేజేతుల కూల్చుకొనుట వివేకము కాదు.

రైలు సంగతియే యొక నిదర్శనము. మోటారు బండ్లు వచ్చిన తరువాత రైలు పాతబడినదని భావించి, 1956లో ప్రయాణికుల బండ్లను, 1964లో తక్కిన బండ్లను నిలిపివేసిరి. పట్టాలు తొలగింపబడెను. ఆ తరువాత రహదారులు వాహనములతో నిండిపోయి, మరల పట్టాలు పరచక తప్పలేదు. 2020 జనవరిలో మెట్రో బండి ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. ఒక తరమువారు పనికిరాదని త్రోసివేసినదానిని రెండు తరముల తరువాత అధికమైన వ్యయముతో తెచ్చుకొనవలసి వచ్చినది. పట్టాలనైన మరల పరచవచ్చును. కూల్చిన చారిత్రక కట్టడమును మరల తెచ్చుట యెవరి తరమును కాదు.

మన పూర్వులు దిగిన చోటు

1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుండి ఈ రేవున దిగిరి. బానిసత్వము రద్దగుచున్న తరుణమున చెఱకు తోటలకు పనివాండ్రు కావలసి యుండిరి. ఒడంబడికపై కూలీలను తెచ్చు పద్ధతిని ఆంగ్ల ప్రభుత్వము మొదట ఇచ్చటనే పరీక్షించి చూచి, పిదప ఇతర వలసలకు వ్యాపింపజేసెను. ఈ పద్ధతియందలి దురాగతముల మూలమున 1839లో వలస నిలిపివేయబడెను. మరల ప్రభుత్వ పర్యవేక్షణతో సాగెను. 1849లో త్రూ ఫాన్‌ఫారోన్ అను చోట వలసదారుల డిపో నెలకొల్పబడెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకముల వరకు దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఈ ద్వీపమునకు వచ్చిరి. వారిలో కొందరు తిరిగి స్వదేశమునకు పోయిరి. మఱికొందరు ఇతర దేశములకు పంపబడిరి. తక్కినవారు ఇచ్చటనే నిలిచి మనకు మూలపురుషులైరి.

ఓడ దిగినవారు రాతి మెట్లు ఎక్కి డిపోలో ప్రవేశించెడివారు. అచ్చట వారి పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసికొని ఒక సంఖ్య నిచ్చెడివారు. పాకలలో పడక, వంటశాలలో భోజనము, వైద్యుని పరీక్ష. కొలది దినములలోనే తోటల యజమానులకు అప్పగించి, దీవిలోని నలుమూలలకు పంపెడివారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారును ఈ దారినే నడచిరి. కోరంగి రేవు పేరనే మన వారిని కోరంగీలని పిలిచిరి. గుమాస్తాలు తమకు వినబడిన రీతిగా వ్రాసికొన్నందున మన నాయుడు నైడూ అయ్యెను. ఆ వ్రాతలే నేడు మన యింటిపేర్లై నిలిచినవి. నాటి పత్రములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందు భద్రపరుపబడి యున్నవి. పత్రమునందు పేరు కలదు. రేవునందు మెట్టు కలదు. ఈ రెండును కలసినప్పుడే మన కథకు సాక్ష్యము సంపూర్ణమగుచున్నది.

నిర్లక్ష్యము, మేల్కొలుపు

వలస ఆగిపోయిన పిమ్మట డిపోకు పనిలేక పోయినది. కొన్ని గదులు ప్రభుత్వ కచేరీలయ్యెను. కొన్ని శిథిలమయ్యెను. కాలక్రమమున ఆ స్థలమును ఖండించుచు రహదారి వేయబడెను. 1865 నాటి డిపో విస్తీర్ణములో నేడు సగముకన్న తక్కువయే మిగిలియున్నది. దీనిని ఏ శత్రువును చేయలేదు. నగరమునకు దారి కావలసివచ్చినది. ఆ తావు విలువ చెప్పువారు నాడు కొలదిగా నుండిరి. కూలీ అను మాటను తలచుకొనుటకే సిగ్గుపడిన రోజులవి. తన పూర్వుల కష్టమును దాచుకొనదలచిన జాతి ఆ కష్టపు గురుతులను కాపాడుకొనజాలదు.

ఈ స్థలముయొక్క ప్రాముఖ్యమును ప్రజలకు ఎరుకపరచుటకు పాటుపడినవారిలో మారిషస్ టైమ్స్ పత్రికా స్థాపకుడగు బిక్రంసింగ్ రామ్‌లాల గారిని ముఖ్యముగా పేర్కొనవలెను. 1970లో భారత ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ ద్వీపమునకు వచ్చినప్పుడు ఈ రేవు అందరి దృష్టికి వచ్చెను. 1987లో ఇది జాతీయ స్మారకముగా ప్రకటింపబడెను. కూలీ ఘాట్ అను పూర్వనామము పోయి ఆప్రవాసి ఘాట్ అను పేరు వచ్చినది. 2001లో దీని సంరక్షణకై ప్రత్యేక నిధిసంస్థ ఏర్పడెను. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఇచ్చట మఱియొక పాఠము కలదు. 1990 తరువాత జరిగిన మరమ్మతులు కొన్ని ఆ పాత కట్టడమునకు తగినవి కావని పిదప తేలినది. పూర్వపు గోడలు సున్నముతో కట్టబడినవి. సున్నము తేమను పీల్చి, మరల బయటికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కుకొని, ఉప్పు పేరుకొని, రాయి పొరలుపొరలుగా రాలిపోవును. అందువలన పిమ్మట సిమెంటును తొలగించి సున్నపు పనినే చేయవలసి వచ్చెను. పాతదానిపై ప్రేమ మాత్రమే చాలదనియు, దాని స్వభావము నెరిగిన పనివాడును కావలెననియు దీనివలన గ్రహింపవలయును.

అర ఎకరము లేని స్థలము, డెబ్బది ఎకరముల చిక్కు

ఆప్రవాసి ఘాట్ స్థలము మొత్తము 1,640 చదరపు మీటర్లు. అనగా అర ఎకరమైనను లేదు. దాని చుట్టును రక్షణ మండలముగా 28.9 హెక్టార్లు, అనగా సుమారు 71 ఎకరములు గుర్తింపబడెను. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. స్మారకమునకు గోడ కట్టి కాపలా యుంచుట సులభము. చుట్టునున్నది సజీవమైన నగరము. అందు దుకాణములు, గోదాములు, బస్సుల నిలయము కలవు. జీవనోపాధికై వేలకొలది ప్రజలు దినదినము అచ్చటికి వచ్చిపోవుచున్నారు.

ఆ మండలమునందు ఒక రాతి దుకాణము గలవాని పక్షమునుండి ఆలోచింపుడు. అతని తాత కట్టిన గోడలు చెమ్మగిలినవి. పైకప్పు రేకులు తుప్పుపట్టినవి. బాగుచేయుటకు తగిన మేస్త్రీ దొరకుట కష్టము. దొరకినను ఖర్చు అధికము. కూల్చివేసి అంతస్తులు లేపినచో అద్దె వచ్చును. కుమారులు ముగ్గురికిని వాటా కలుగును. ప్రక్క వీధివాడు ఎత్తైన మేడ కట్టుకొనగా తనకు మాత్రము ఆటంకమేల అని అతడు అడుగుటలో తప్పులేదు. చరిత్ర అందరిదియై, దాని భారము మాత్రము ఒక్కనిపై పడుట ధర్మము కాదు.

ఇక రెండవ పక్షము వినుడు. 1996లో కోడాన్ తీరమున కొత్త బజారు వెలసి, రేవు ప్రాంతమునకు మరల జనమును తెచ్చెను. 2006లో, ఆ మెట్లకు ప్రపంచ గుర్తింపు లభించిన సంవత్సరముననే, 124 మీటర్ల ఎత్తైన మారిషస్ బ్యాంకు భవనము పూర్తియయ్యెను. ఇట్టివి నగరమునకు అవసరమే. కాని రేవు చుట్టును అట్టి భవనములే లేచినచో, ఆ మెట్లపై నిలిచినవానికి సముద్రమును కానరాదు, ఆకాశమును కానరాదు. ఓడ దిగినవాని కంటికి ఏమి కనబడెనో తెలిసికొను మార్గము లేకపోయిన పిదప, మెట్లు నిలిచియుండియు వాని అర్థము సగము నశించును.

ఈ రెండు న్యాయములకును సంధి కుదుర్చుటకే 2011లో రక్షణ మండలమునకు ప్రత్యేకమైన ప్రణాళికా నియమములు రూపొందింపబడెను. కొత్త కట్టడములను నిషేధించుట వీని ఉద్దేశము కాదు. వాని ఎత్తు, ముఖభాగము, వీధియొక్క పూర్వపు తీరు పరిసరములకు తగియుండవలెనని వీని భావము. నియమము మంచిదే. అయితే యజమానులకు ధనసహాయమును, పన్నులలో వెసులుబాటును, పనివాండ్ర శిక్షణయు తోడైననే నియమము ఫలించును. లేనిచో, కూల్చుటకు అనుమతి దొరకని యజమాని బాగుచేయక విడిచిపెట్టును. వానలును తుపానులును తక్కిన పనిని పూర్తిచేయును. కూల్చినవాడెవడును లేకయే కట్టడము కూలిపోవును.

వాడుకయే రక్ష

పాత కట్టడమును కాపాడుటకు మిక్కిలి మంచి మార్గము దానికి తగిన పని కల్పించుట. దీనికి మన ద్వీపముననే ఉదాహరణములు కలవు. ఆప్రవాసి ఘాట్ ప్రక్కనున్న పందొమ్మిదవ శతాబ్దపు రాతి గోదాము 2014లో రామ్‌లాల గారి పేర వివరణ కేంద్రముగా మారినది. బో ప్లాన్ చక్కెర మిల్లు 1999లో మూతపడెను. 2002లో అదియే చక్కెర చరిత్రను తెలుపు మ్యూజియముగా తెరువబడెను. అచ్చట యంత్రములు ఆగినను గోడలు నిలిచినవి. కొత్త ఉద్యోగములును కలిగినవి.

వీనియందు మిక్కిలి గమనింపదగినది 1740 నాటి సైనిక వైద్యశాల. సత్య న్యాయ విచారణ సంఘము 2011లో చేసిన సిఫారసు ననుసరించి అచ్చట బానిసత్వ చరిత్రను తెలుపు మ్యూజియము ఏర్పడి, 2023లో తెరువబడెను. ఇది ఆప్రవాసి ఘాట్ చెంతనే కలదు. బానిసల చేతులతో కట్టిన వైద్యశాలయు, కూలీలు ఎక్కిన మెట్లును ఒక్క పేటలో నున్నవి. కావున ఈ పేటను కాపాడుట ఒక్క జాతివారి పని యని తలంపరాదు. మన మెట్లు నిలువవలెనని కోరు మనము, ఇరుగుపొరుగు వారి పూర్వుల గోడలు నిలువవలెననియు కోరవలెను. అట్లు కోరిననే మన కోరిక న్యాయమగును.

స్థలము మార్చుట యెల్లప్పుడును చాలదు

కొందరు, రాళ్లను మఱియొక చోటికి తరలించి కాపాడరాదా అని అడుగుదురు. మన పూర్వుల దేశమున అట్లు జరిగిన సందర్భము కలదు. కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగెను. అందువలన ముంపునకు గురియగు నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన శిథిలములను కొండపైకి తరలించి పునర్నిర్మించిరి. ఆ కొండ నేడు జలాశయమునందు ద్వీపమై యున్నది. పొలములకు నీరు కావలెను, శిల్పములును నిలువవలెను, వేఱు దారి లేదు. గావున అచ్చట చేసినది సమంజసము. కాని రేవు మెట్టుయొక్క విలువ దాని చెక్కడములో లేదు. అది ఏ నీటి ఒడ్డున నున్నదో ఆ ఒడ్డునందే దాని విలువ కలదు. ఆ మెట్టును పెకలించి నగరపు తోటలో నిలిపినచో, అది వట్టి రాయి మాత్రమే యగును. ఏది కదలింపదగినది, ఏది కదలింపరానిది అను వివేచన ప్రతి కట్టడము విషయమునను వేఱువేఱుగా చేయవలసి యున్నది.

మన ఆలయములు, మన బాధ్యత

ఇంతవరకు నగరము మాట చెప్పితిమి. ఇక మన యిల్లు చక్కదిద్దుకొనవలెను. తోటలలోని పాత క్యాంపులు చాలవరకు అంతరించినవి. మన పెద్దలు రెక్కలు ముక్కలు చేసికొని, చాలని కూలిలోనుండి మిగిల్చి కట్టుకొన్న చిన్న గుళ్లు, సింహాద్రి అప్పన్న పూజ చేసిన తావులు, రామభజనము సాగిన చావడులు, అమ్మోరు పండుగ జరిగిన చెట్ల క్రింది రాళ్లు నేడు కొన్ని చోట్ల మాత్రమే మిగిలియున్నవి. భక్తుల సంఖ్య పెరిగినది. స్థలము చాలదు. కొత్త మందిరము కావలెనని సభలలో తీర్మానించుట సహజమే. అట్టి సమయమున ప్రభుత్వమును మనము ఏమి అడుగుచున్నామో దానినే మనమును చేయవలెను.

మన సంప్రదాయమున జీర్ణోద్ధారణము అను పుణ్యకార్యము కలదు. జీర్ణమైనదానిని ఉద్ధరించుట దాని అర్థము. దానిని అదృశ్యము చేయుట కాదు. ఆలయములు పూర్వమును పెరిగినవి. ప్రాకారములు, మండపములు, గోపురములు ఒకదాని తరువాత ఒకటిగా చేరినవి. చిన్నదగు గర్భాలయమును కదల్పక, దాని చుట్టును పెద్ద కట్టడమును లేపుట మన వారెరిగిన పద్ధతియే. నగర నిర్మాణమునకును ఈ పద్ధతియే మేలైన మార్గము.

కావున ఏ పాత గుడిపైనను గునపము వేయుటకు ముందు ఈ పనులు చేయుట కర్తవ్యము. కొలతలు తీసి పటము గీయవలెను. నలుదిక్కులనుండియు ఛాయాచిత్రములు తీయవలెను. ఊరిలోని వృద్ధులను కూర్చుండబెట్టి, ఎవరు కట్టిరి, రాయి ఎచ్చటనుండి వచ్చెను, తొలి పూజ ఎవరు చేసిరి అను సంగతులను వ్రాసికొనవలెను. శాసనము చెక్కిన రాయి, పాత ద్వారబంధము, గంట, దీపస్తంభము కొత్త మందిరమునందు గౌరవస్థానమున నిలుపవలెను. 2003 నాటి చట్టము వలన ఏర్పడిన జాతీయ వారసత్వ నిధిసంస్థ సలహా కోరవలెను. సున్నపు గోడకు సిమెంటు పూయరాదు. ఇందు ఏ పనికిని పెద్ద ధనము అక్కరలేదు. కొంచెము ఓపికయు ముందుచూపును చాలును. ఈ పనులన్నియు జరిగిన పిమ్మట కొత్తది కట్టవలసియే వచ్చినచో, నిశ్చింతగా కట్టుకొనవచ్చును.

కోరంగి సంగతి చెప్పి ముగింతుము. ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలు బాగుచేసిన ఆ రేవు 1839లో వచ్చిన ఉప్పెనకు తీవ్రముగా దెబ్బతినెను. గోదావరి పాయలు మేటవేయగా పూర్వవైభవమును కోలుపోయి, నేడొక గ్రామముగా మిగిలినది. ఏ రేవు పేరు మన పూర్వులకు పేరై నిలిచినదో, ఆ రేవున ఓడల నెక్కించిన ఒడ్డును మన పిల్లలకు చూపజాలము. దానిని సముద్రమును నదియును తీసికొనిపోయినవి. మానవులు చేయగలిగినది లేకుండెను. దిగిన రేవు మాత్రము పోర్ట్ లూయీయందు నేటికిని నిలిచియున్నది. దానిని నిలుపుటయు, పోగొట్టుటయు మానవుల చేతిలోనే యున్నది. నవంబరు 2వ తేదీన సెలవు దినము వచ్చినప్పుడు కుటుంబ సమేతముగా అచ్చటికి పోయి, ఆ మెట్లను పిల్లలకు చూపి, వారి ముత్తాత పేరును సంఖ్యను వారిచేత వ్రాయింపుడు. తమదని ఎరిగినదానిని వారు రేపు కాపాడుకొందురు.